నంబరు వేసిన కత్తులు

మొన్నొక ఆదివారం మా చెల్లెలి అల్లుడు భవానీపురంలో మా ఇంటికి భోజనానికి వచ్చి, చెయ్యి కడుక్కున్నాక, వీపు సంచిలోంచి రెండు కత్తులు తీసి నా ముందు బల్లమీద పెట్టాడు. ఈ అబ్బాయికి సెలవు దొరికితే చాలు, స్నేహితులను వెంటేసుకుని కొండపల్లి వైపు అడవిలోకి పోయి, గుడారం వేసి, పుల్లలు కొట్టి, అన్నం వండుకు తినే సరదా ఒకటి పట్టుకుంది. రెండూ మడత పడని కత్తులే, ఒకే బారు, ఒకటి నల్లటిది, ఒకటి తళతళలాడేది. ఫోనులో చూసి రెండూ తెప్పించాడట, నచ్చనిదాన్ని వారంలోపల తిప్పి పంపెయ్యొచ్చట. మొరటు పనికి ఏది నిలబడుతుందో చెప్పమన్నాడు. "మీకు కత్తుల సంగతి బాగా తెలుసటగా పెద్దత్తయ్యగారూ, మా అత్తయ్య చెప్పింది" అని నవ్వాడు. అంతటితో ఆగక, ఎవరో ఒకాయన ఇవే రెండు కత్తులను పక్కపక్కన పెట్టి, దుంగ మీద ఆనించి పైనుంచి బాదుతూ పోల్చి చూపిస్తున్న వీడియో కూడా పెట్టాడు. నాకు మాత్రం ఆ బాదుడు కంటే ముందు, పరీక్షకు తెచ్చేలోపు ఆ కత్తులు ఎవరెవరి చేతుల్లో ఏమేం పడి వచ్చాయో అన్న అనుమానం వచ్చింది. పైకి అంటే మళ్లీ మొదలుపెట్టిందంటారని ఊరుకున్నాను.

నేను అనుమానం మనిషినని మావాళ్లందరూ ఆటపట్టిస్తారు, అందులో అబద్ధమేమీ లేదు. కూరల బండి దగ్గర తక్కెడ కింద చెయ్యి పెట్టి తడిమి చూస్తాను, గ్యాసు బండ తెచ్చినతన్ని నిలబెట్టి మూత సీలు నాలుగువైపులా చూస్తాను, ఇంటికి పిలవని చుట్టం వస్తే కాఫీ ఇచ్చేలోపు ఎందుకు వచ్చాడో మూడు కారణాలు ఊహించుకుంటాను. పుట్టుకతో వచ్చిన గుణం కాదిది, స్టోర్లలో పనిచేసినవాళ్లకు అంటుకునే జబ్బు. నా ఈడువాళ్లలో ఏ సంఘంలోనో, ఏ గిడ్డంగిలోనో తాళాలగుత్తి మోసినవాళ్లుంటే వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.

మా నాన్నగారు కంకిపాడు అవతల చెరకు రైతులు పెట్టుకున్న ఒక సంఘంలో స్టోరు గుమాస్తాగా చేస్తూ, తొంభైల మొదట్లో ఒక వేసవిలో ఉన్నట్టుండి పోయారు. ఇంట్లో అమ్మ, చదువుకుంటున్న చెల్లెలు, డిగ్రీ చేతబట్టుకుని ఊరికే కూర్చున్న నేను. సంఘం ప్రెసిడెంటుగారు దయతలచి నాన్నగారి కుర్చీ నాకిచ్చారు గానీ, ఇచ్చిన రోజే, మీ నాన్న మంచితనం వల్ల స్టోర్లో చాలా సామాను కాళ్లొచ్చి నడిచిపోయిందమ్మా, నువ్వు గట్టిగా ఉండాలి అని కూడా అన్నారు. ఆ మాట నాకు నాన్నగారిని నలుగురిలో నిలబెట్టి తిట్టినట్టుగా తగిలింది. ఇక నా చేతిమీదుగా గుండుసూది కూడా పోకూడదని పంతం పట్టాను. బల్లలకు, బకెట్లకు, మందు కొట్టే యంత్రాలకు ఎర్రరంగుతో సంఘం పేరు, నంబరు వేయించాను. ఏడాది తిరిగేసరికి తాగే నీళ్ల గ్లాసు మీద కూడా నంబరు పడింది, ఆఫీసులో దాని మీద హాస్యాలాడని మనిషి లేడు.

మా స్టోర్లో అన్నిటికంటే ముఖ్యమైన సామాను చెరకు కత్తులు. చలికాలం మొదలవగానే మెట్ట ప్రాంతాల నుంచి కోత ముఠాలు పిల్లాజెల్లాతో వచ్చి తోటల పక్కన గుడిసెలు వేసుకునేవి. చెరకులో తీపంతా మొదట్లోనే ఉంటుంది కాబట్టి నేలకు ఆనించి నరకాలి, సొంత కత్తులైతే తలో రకంగా ఉండి జానెడు మోడు వదిలేస్తున్నారని, కత్తులు సంఘమే ఇచ్చేది. నేలకు ఆనించి నరికే కత్తి అంటే మాటలు కాదు, రోజంతా గట్టి కణుపులతో పాటు మన్నూ, రాయీ కూడా దానికి తగులుతూనే ఉంటాయి. మరీ గట్టిగా ఉంటే అంచు పెచ్చులూడుతుంది, మెత్తగా ఉంటే మడతపడుతుంది. రెండింటికీ మధ్య చిక్కినది మంచి కత్తి.

ఆ మధ్యది పట్టుకోవడం తెలిసిన మనిషి బెజవాడ వన్‌టౌన్‌లో ఇనుప కొట్ల వెనక సందులో ఉండేవారు. ఆయన ముస్లిం, తాతల నాటి నుంచి కొలిమి పని, మా నాన్నగారికి ఎప్పటి స్నేహమో తెలియదు గానీ చిన్నప్పుడు నాన్నగారి వేలు పట్టుకుని వెళ్లి ఆయన్ను మావయ్యా అని పిలిచేదాన్ని. పాత లారీల కమాను పట్టీలు కొని, ఎర్రగా కాల్చి, సాగగొట్టి, కత్తిగా దించి, నూనెలోనో నీళ్లలోనో ముంచి, మళ్లీ సన్నటి సెగ మీద రంగు తిరిగేదాకా కాచి తీసేవారు. ఆ చివరి కాపు దగ్గర ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. కత్తి చేతికిచ్చేముందు ఇనుము సాగగొట్టే దాగలి దిమ్మ మీద ఒక మేకు పెట్టి, ఆ కత్తితోనే ఒక్క దెబ్బకు రెండు ముక్కలు చేసి, అంచును తన బొటనవేలి గోటి మీద నడిపి చూపించేవారు. ఆ ముక్కల కోసం నేనూ మా చెల్లెలూ పోట్లాడుకునేవాళ్లం.

ఉద్యోగంలో చేరాక మొదటిసారి కత్తుల కోసం వెళ్లినప్పుడు, ఆయన దగ్గరుండే మేకులు మెత్తవేమో, చూపించడానికే దాచి ఉంచుతారేమో అని నాకు అనుమానం వచ్చింది. ఇంటి దగ్గర్నుంచి నా మేకు నేను చేతిసంచిలో వేసుకుని వెళ్లాను. ఇది తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గే. ఆయన దాన్ని తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నరికి, రెండు ముక్కలూ నా అరచేతిలో పెట్టి, "ఇంకోటి ఉందా అమ్మాయిగారూ?" అన్నారు. ఎగతాళో, నిజంగానే అడిగారో తేల్చుకోలేకపోయాను. సంచిలో ఇంకోటి ఉంది, అదీ ఇచ్చాను.

అలా కొన్నేళ్లు జరిగాయి. తొంభైల చివర్లో అనుకుంటాను, మా ప్రెసిడెంటుగారి బావమరిది ఎక్కడో ఉత్తరాదిన తయారైన కంపెనీ కత్తులు పట్టుకొచ్చాడు. మెరిసే రేకు, నల్లటి ప్లాస్టిక్ పిడి, పిడి పక్కనే అచ్చుగుద్దిన నంబరు. కొలిమి కత్తుల కాలం పోయిందని, వీటికి సీజనంతా సాన అక్కర్లేదని ఒకటే ఊదరగొట్టాడు. బావమరిది గనుక ప్రెసిడెంటుగారి మొగ్గు ఎటో నాకు తెలుసు, నాన్నగారి స్నేహితుడు గనుక నా మొగ్గు ఎటని వాళ్లనుకుంటారో కూడా తెలుసు. చివరికి, ఒక ముఠాకు ఇవి, ఒక ముఠాకు అవి ఇచ్చి, నెల రోజులు చూసి, ఏవి గట్టివో స్టోరు గుమాస్తా రిపోర్టు రాయాలని తీర్మానించారు. నాకు గర్వంగా ఉంది, భయంగానూ ఉంది. ఇటు బావమరిదిని నమ్మలేదు, అటు మావయ్యనూ నమ్మలేదు, మధ్యలో కత్తులు తారుమారు చేస్తారని ముఠా మేస్త్రీనీ నమ్మలేదు.

మావయ్య పంపిన కొత్త కత్తులు రెండు డజన్లు వచ్చాయి. కంపెనీవాటికి నంబర్లున్నాయి, వీటికి పిడి దగ్గర ఆయన గుర్తుగా రెండు చుక్కలు తప్ప ఏమీ లేవు. పాత కత్తి ఒకటి పెట్టి కొత్తది మార్చేస్తే నాకెలా తెలుస్తుంది? రంగుతో వేస్తే గీకేస్తారు. అందుకని మా షెడ్డులో ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్కును పిలిచి, ప్రతి కత్తి మీదా ఉలి అచ్చులతో నంబరు కొట్టమన్నాను. అతను సాయంత్రానికి వచ్చి, కత్తులు మరీ బిరుసుగా ఉన్నాయి, అచ్చు పడటం లేదు, రెండు అచ్చులు మొద్దుబారాయి అన్నాడు. రేపు పొద్దున్నే ముఠాకు ఇవ్వాలి, ఎలాగైనా పడాల్సిందే అన్నాను నేను. పడ్డాయి. మర్నాడు వచ్చేసరికి ఇంజను నూనె పూసిన కత్తులన్నీ నల్లగా వరసలో ఉన్నాయి, ఒక్కోదాని మీద నంబరు ముత్యంలా దిగి ఉంది. ఎలా కొట్టావని నేనడగలేదు. ఒక్క కత్తి మాత్రం తగ్గింది, గుడిసెలకు వెదురు కొట్టుకోవడానికని మేస్త్రీ నంబరు పడకముందే పట్టుకుపోయాడట. అతని మీద మండిపడి, ఆ సంగతి పుస్తకంలో ఎర్రసిరాతో రాసి పెట్టాను.

పది రోజులకే తేలిపోయింది. కంపెనీ కత్తులు గొప్పగా ఏమీ లేవు గానీ పని నడుస్తోంది. కొలిమి కత్తులు మాత్రం పూటకు రెండుసార్లు సాన పట్టినా అంచు మడతపడి, రేకు డబ్బా మూతలా వంకరపోతున్నాయి. నేనే తోటలోకి వెళ్లి చూశాను. మడతపడ్డ కత్తి ఒకటి కణుపు మీద జారి, ముఠాలో ఒకామె ఎడమచేతికి తగిలింది, కంకిపాడు ఆసుపత్రిలో నాలుగు కుట్లు పడ్డాయి. ఆమె చెయ్యి గుడ్డతో చుట్టుకుని, స్టోరు గుమ్మం ముందు కూర్చుని, ఎవరినీ ఏమీ అనకుండా ఏడ్చింది. అది చూసి నాకు ఒళ్లు మండిపోయింది. మేకు నరికి చూపించడానికి ఒక మంచి కత్తి ఉంచుకుని, మిగతావన్నీ ఏ పాడుపడ్డ గేటు ఇనుముతోనో చేసి పంపాడని నాకు ఖాయంగా తోచింది. నాన్నగారి కాలమంతా ఇలాగే జరిగి ఉంటుందని, సామాను కాళ్లొచ్చి నడిచిపోయిన దారుల్లో ఇదీ ఒకటని కూడా అనుకున్నాను.

కబురు తెలిసి మావయ్య బస్సెక్కి వచ్చారు. స్టోరుకు ఇనుప జాలీ కిటికీ ఉండేది, ఆయన అవతల, నేను ఇవతల. ఒక్క కత్తి చేతికిచ్చి చూడనివ్వమని అడిగారు. ఇస్తే లుంగీ మడతలోంచి ఇంకోటి తీసి మార్చేస్తారేమోనని, నేను లోపలే నిలబడి కత్తి పైకెత్తి చూపించాను. ఆయన జాలీకి మొహం ఆనించి చాలాసేపు చూశారు.

"వీటిని మంటలో పెట్టారా అమ్మాయిగారూ?"

"మా స్టోర్లో మంటెక్కడిదండీ? మేమేమన్నా వంటలు చేస్తున్నామా?"

"పట్టీ ఇనుమమ్మా అది, నా చేతులతో కొట్టాను. అది మడతపడే రకం కాదు. ఒక్కసారి బయటికివ్వండి, మీ ముందే చూసి ఇచ్చేస్తాను."

ఇవ్వలేదు. ఆయన దాహం అడిగి, నీళ్లు తాగి వెళ్లిపోయారు. ఆ మధ్యాహ్నమే కూర్చుని రిపోర్టు రాశాను. కొలిమి కత్తులకు వాడిన ఇనుము నాసిరకమని, ఒకటి చూపించి వేరొకటి సరఫరా చేసినట్టు కనబడుతోందని, ఇకమీదట ఆయన దగ్గర కొనరాదని. పక్షపాతం లేకుండా రాశానని ప్రెసిడెంటుగారు సభలో చదివి మెచ్చుకున్నారు. ఆ కాగితం అక్కడితో ఆగలేదు. మైలవరం వైపు మామిడి తోటలవాళ్లు ఏటా ఆయన దగ్గరే కత్తులు చేయించేవారు, వాళ్లు మానేశారు. ఇనుప కొట్లవాళ్లు, సంఘం రాసిచ్చిందట కదా అని ఆయన సరుకు బయట పెట్టడం మానేశారు. కొలిమి పనివాడికి ఇనుము మంచిదన్న పేరొక్కటే ఆస్తి, అది పోయాక చేతిలో ఎంత పని ఉంటే మాత్రం ఎవరు చూస్తారు?

కోతలు ముగిసి, శివరాత్రి వెళ్లాక, ముఠా తిరుగు ప్రయాణం కట్టింది. మేస్త్రీ పట్టుకుపోయిన కత్తి తెచ్చి బల్లమీద పెట్టాడు. గుడిసెలకు వెదురూ, గట్ల మీద తుమ్మా కొట్టడమే కాక, మిగతావి పాడైపోయాయని ఆ రెండు నెలలూ చెరకు కూడా దానితోనే నరికాడట, "మీ కత్తులన్నిట్లోకీ ఇదొక్కటే కత్తండీ" అన్నాడు. వెంటనే నాకు వచ్చిన ఆలోచన, ఎక్కడో బయట కొన్నది తెచ్చి అంటగడుతున్నాడని. తిప్పి చూశాను. పిడి దగ్గర రెండు చుక్కలున్నాయి. అంచు మీద గోరు నడిపితే గోరు లేచింది. నంబరు లేనిది అదొక్కటే.

ఆ కత్తిని చేతిలో పట్టుకునే లేచాను. షెడ్డుకు వెళ్లి మెకానిక్కును, ఆ రోజు నంబర్లు ఎలా కొట్టావని అడిగాను. అతను దాపరికం లేకుండా చెప్పాడు.

"మామూలుగా పడలేదు కదండీ, మీకు చెప్పాను కదా. గ్యాసు మంట పెట్టి ఎర్రగా చేసి కొట్టాను. మెత్తబడితేనే గదండీ అంకె దిగేది. నల్లబడ్డాయని నూనె పూశాను."

ఎర్రగా కాలిన ఉక్కు గాలికి దానంతటదే చల్లారితే, అప్పటిదాకా దానికి పెట్టిన కాపంతా పోయి మామూలు ఇనుములా మెత్తబడుతుందని అతనికీ తెలియదు, నాకూ తెలియదు. కొలిమి ముందు కూర్చుని ఆడుకున్న పిల్లను, నాకు తెలిసి ఉండాల్సింది. కంపెనీ కత్తుల జోలికి మంట పోలేదు, మావయ్య కత్తుల్లో మేస్త్రీ ఎత్తుకుపోయినదాన్ని తప్ప అన్నిటినీ నేనే కాల్పించాను. ఎవరూ మార్చెయ్యకూడదని నేను పడ్డ జాగ్రత్తే వాటిని మార్చేసింది. అచ్చు పడనంత బిరుసుగా ఉన్నాయని మెకానిక్కు వచ్చి చెప్పినప్పుడే, ఇనుము ఎంత మంచిదో నా ఎదుటే రుజువైంది.

మర్నాడు సెలవు పెట్టి, నంబరు వేసినదొకటి, వెయ్యనిదొకటి, రెండు కత్తులూ తీసుకుని వన్‌టౌన్ వెళ్లాను. కొలిమి వెలిగి ఉంది గానీ దాగలి మీద గేట్లకు పెట్టే ఈటె మొనలు తప్ప కత్తుల పని లేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను, చెబుతూ ఏడ్చాను. ఆయన నంబరు వేసిన కత్తిని తొలిసారి చేతిలోకి తీసుకుని, అంకె చుట్టూ వేలితో రాసి, పక్కన పెట్టారు. కోపం చేస్తారనుకున్నాను, చేస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"నాకు చెబితే ఏమొస్తుందమ్మా, నాకు తెలిసిందే గదా. కాగితం మీద పోయింది, కాగితం మీదే రావాలి. నాలుగు కొట్లలో చూపించుకుంటాను, రాసివ్వండి."

రాసిస్తానని మాటిచ్చి వచ్చాను. రాద్దామని కూర్చుంటే కలం కదల్లేదు. తప్పు నాదని రాస్తే, కుట్లుపడ్డ ఆమె సంగతి, పాడైన కత్తుల సంగతి, అన్నీ నా మెడకు చుట్టుకుంటాయి. నాన్నగారి కుర్చీ పోతుంది, చెల్లెలి చదువు ఆగిపోతుంది, అమ్మ ఎవరి ముందో చెయ్యి చాపాలి. మూడు రోజులు తిరగరాసి, చివరికి ఒక ఉత్తరం తయారుచేశాను. నంబరు వేయు ప్రక్రియలో తలెత్తిన సాంకేతిక కారణాల దృష్ట్యా, మునుపటి రిపోర్టులోని కొన్ని అంశములు పునఃపరిశీలనకు అర్హమైనవిగా భావించడమైనది, అని. ప్రెసిడెంటుగారు ఒకసారి నా మొహంకేసి చూసి సంతకం పెట్టారు. సంఘం ముద్ర కూడా వేయించాను. నిజం చెప్పొద్దూ, అంత నేర్పుగా రాసినందుకు బస్సులో వెళ్తూ కాస్త సంతోషించాను కూడా.

మావయ్యకు తెలుగు చదవడం రాదు. ఆయన పెద్దమ్మాయి దగ్గర్లో ఒక బళ్లో టీచరు, ఆమెను పిలిచి చదవమన్నారు. ఆమె గట్టిగా, ఒక్క అక్షరం తప్పకుండా చదివింది. ఆయన శ్రద్ధగా విని, "ఇనుము మంచిదని ఏ లైన్లో ఉందమ్మా?" అని అడిగారు. ఆమె మళ్లీ మొదటినుంచి, ఈసారి లోపల చదువుకుంది. చదువుతూ ఒకసారి నావైపు చూసింది. తర్వాత కాగితాన్ని మడిచి తండ్రి చేతిలో పెట్టింది, ఆయన దాన్ని నా చేతిలో పెట్టారు. ఫైల్లో ఉంచుకోమన్నారు. టీ తెప్పించారు, ఇద్దరం తాగాం. ఆ తర్వాత నేను ఆ సందులోకి వెళ్లలేదు.

కంపెనీ కత్తులు అయిదారేళ్లు నడిచాయి. రెండువేల అయిదు తర్వాత ఎప్పుడో మావయ్య పోయారని ఇనుప కొట్లో ఎవరో మాటల మధ్య చెప్పగా విన్నాను, కొలిమి అంతకు రెండేళ్ల ముందే ఆరిందట. మా చెల్లెలు చదువుకుని స్థిరపడింది, నేను అదే కుర్చీలో ఉండి మర్యాదగా రిటైరయ్యాను, దండ వేసి శాలువా కప్పి, నిక్కచ్చి మనిషినని పొగిడారు. కంకిపాడు దారిలో మేం కత్తులు పంచిన తోటల్లో చాలావాటిలో ఇప్పుడు తెల్ల రాళ్లు పాతిన ప్లాట్లున్నాయి. ఈ రోజుల్లో కత్తి కొనేవాళ్లకు చేసినవాడి మొహం తెలియదు. నచ్చకపోతే ఫోనులో అయిదు చుక్కలకు ఒకే చుక్క రేటింగు వేసి, డబ్బాలో పెట్టి తిప్పి పంపేస్తారు, దాని వల్ల ఎక్కడ ఎవరి పొయ్యి ఆరిందో వాళ్లకు తెలిసే వీలే లేదు. మా కాలం మంచిదని అందరం అనుకుంటూ ఉంటాం, ఎవరి చేతి పనో తెలిసేదని, మొహం చూసి కొనేవాళ్లమని. నాకు ఆ మొహం చిన్నప్పటి నుంచి తెలుసు. తెలిసి, జాలీ వెనక నిలబడ్డాను.

ఇప్పుడు నా కుర్చీ పోదు, చెయ్యి చాపడానికి అమ్మా లేదు. కాబట్టి ఇన్నేళ్లు ఆలస్యంగా రాస్తున్నాను: ఆ కత్తులకు వాడిన ఇనుము మంచిది, వాటిని కాల్పించి చెడగొట్టింది నేను. ఆ టీచరమ్మ ఎక్కడున్నారో, ఇది ఆమె కంట పడుతుందో లేదో తెలియదు. పడితే మాత్రం, ఏ లైన్లో ఉందోనని ఈసారి రెండోసారి చదవనక్కర్లేదు.